బాల్డర్స్ గేట్ 3లో మల్టీక్లాస్: ఏది కలిస్తే బాగుంటుంది, ఏది కలిపితే చెడుతుంది

బాల్డర్స్ గేట్ 3 కథ గురించి, పాత్రల గురించి ఇప్పటికే బోలెడు చర్చ జరిగింది. ఈ సమీక్ష అందులో ఒక్క భాగానికే పరిమితం: ఒకే పాత్రలో రెండు మూడు క్లాసులు (ఫైటర్, విజార్డ్ లాంటి వృత్తులు) కలపడం, అంటే మల్టీక్లాస్. బెల్జియంకు చెందిన లేరియన్ స్టూడియోస్ ఈ ఆటను 2023 ఆగస్టు 3న పీసీలో విడుదల చేసింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎనిమిదో ప్యాచ్‌తో 12 క్లాసులకూ తలా ఒక కొత్త సబ్‌క్లాస్ (క్లాసులోని ఉపశాఖ) చేరింది. కలిపి చూడటానికి సరుకు ఎంతైనా ఉందన్నమాట. తీర్పు ముందే చెప్పేస్తే: స్వేచ్ఛ ఇవ్వడంలో ఈ ఆటకు వంక పెట్టలేం. ఆ స్వేచ్ఛకు మనం ఏం వదులుకుంటున్నామో చెప్పడంలో మాత్రం ఇది బాగా వెనకబడింది. ఆట చెప్పని ఆ లెక్కే ఇక్కడ వివరంగా చూద్దాం.

1998లో బయోవేర్ తీసిన మొదటి బాల్డర్స్ గేట్ ఆడినవాళ్లకు ఇది ఎంత మారిందో తెలుస్తుంది. అప్పట్లో మనుషులు కాని జాతులకే మల్టీక్లాస్ ఉండేది, వచ్చిన అనుభవ పాయింట్లు క్లాసుల మధ్య పంచుకుపోయేవి. మనుషులకు డ్యూయల్ క్లాస్ అని వేరే పద్ధతి. పాత క్లాసు ఆపేసి కొత్తది మొదటి లెవెల్ నుంచి పెంచుకోవాలి, కొత్తది పాతదాన్ని దాటేదాకా పాత విద్యలు పనిచేయవు. ఇప్పుడు ఆ బాధలేవీ లేవు. ఈ ఆట నియమాలకు ఆధారమైన డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌ను బల్ల మీద ఆడేటప్పుడు కొత్త క్లాసు తీసుకోవాలంటే దానికి సంబంధించిన ఎబిలిటీ స్కోరు (బలం, తెలివి లాంటి గుణాలకిచ్చే అంకె) కనీసం 13 ఉండాలి. లేరియన్ ఆ షరతు కూడా ఎత్తేసింది. ఇంటెలిజెన్స్ 8 ఉన్న ఫైటర్ కూడా ఒక లెవెల్ విజార్డ్ తీసుకోవచ్చు. లెవెల్ పెంచే తెరలో క్లాసు చేర్చే గుర్తు నొక్కడమే పని. ఎక్స్‌ప్లోరర్ కష్టస్థాయిలో మాత్రం ఈ సదుపాయం ఉండదు. అది కావాలంటే బ్యాలెన్స్‌డ్ లేదా ఆపై స్థాయి ఎంచుకోవాలి, లేదంటే కస్టమ్ మోడ్‌లో మల్టీక్లాస్‌ను ఆన్ చేసుకోవాలి.

అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది విథర్స్‌ను. మొదటి అంకంలో ఓడ కూలిన చోటికి దగ్గర్లో ఉన్న సమాధి గదుల్లో దొరుకుతాడు. అక్కడ కనిపెట్టకపోయినా తర్వాత మన శిబిరానికి తనే వస్తాడు. 100 బంగారు నాణేలిస్తే ఏ పాత్రనైనా ఒకటో లెవెల్‌కు దించి మళ్లీ మొదటి నుంచి కట్టుకోనిస్తాడు. షాడోహార్ట్, అస్టేరియన్ లాంటి తోటివాళ్లకూ ఇదే ధర. ఇచ్చిన డబ్బు అతని జేబులోంచి మళ్లీ కొట్టేయొచ్చు కూడా. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే కింద చెప్పే పొరపాట్లలో ఒక్కటి జరిగినా వంద గంటల ఆట పాడయ్యేది.

ఇక లెక్కలోకి వద్దాం. మొత్తం లెవెల్ 12 దగ్గర ఆగిపోతుంది. అంటే పంచుకోవడానికి చేతిలో ఉన్నవి 12 లెవెళ్లే. వీటిలో కొన్ని లాభాలు మొత్తం లెవెల్‌ను బట్టి వస్తాయి, కొన్ని ఆ క్లాసు లెవెల్‌ను బట్టి వస్తాయి. మల్టీక్లాస్ మంచిచెడ్డలన్నీ ఈ తేడాలోనే ఉన్నాయి.

ప్రొఫిషియెన్సీ బోనస్ (నేర్చిన పనుల్లో పాచికకు కలిసే అంకె) మొత్తం లెవెల్‌ది: 5లో +3, 9లో +4. ఎలా కలిపినా తగ్గదు. క్యాంట్రిప్‌లు (ఎన్నిసార్లైనా వేయగల చిన్న మంత్రాలు) కూడా అంతే, 5లో ఒకసారి, 10లో ఇంకోసారి బలపడతాయి. అందుకే రెండు లెవెళ్ల వార్లాక్ అంత గిట్టుబాటు బేరం. వార్లాక్ క్యాంట్రిప్ అయిన ఎల్డ్రిచ్ బ్లాస్ట్ పదో లెవెల్‌లో మూడు కిరణాలు వదులుతుంది, ఆ పదిలో ఎనిమిది సోర్సరర్‌వైనా సరే. రెండో వార్లాక్ లెవెల్‌లో అగొనైజింగ్ బ్లాస్ట్ తీసుకుంటే ఒక్కో కిరణానికీ కరిజ్మా మాడిఫయర్ (ఆ స్కోరును బట్టి వచ్చే అదనపు అంకె) కలుస్తుంది. సోర్సరర్‌కూ కరిజ్మానే ప్రాణం కాబట్టి ఒక్క పాయింటూ వృథా కాదు. మూడో సోర్సరర్ లెవెల్‌లో క్వికెన్డ్ స్పెల్ వచ్చాక, మూడు సోర్సరీ పాయింట్లు ఖర్చుపెట్టి బోనస్ యాక్షన్‌తో ఇంకోసారి అదే బ్లాస్ట్ వేస్తే ఒకే వంతులో ఆరు కిరణాలు.

ఫీట్‌లు (కొన్ని లెవెళ్ల దగ్గర ఎంచుకునే అదనపు వరాలు) అలా కాదు, అవి క్లాసు లెవెల్‌వి. ప్రతి క్లాసులోనూ 4, 8, 12 లెవెళ్ల దగ్గరే వస్తాయి. ఫైటర్‌కు 6లో, రోగ్‌కు 10లో ఒకటి అదనం. 12 లెవెళ్లూ ఒకే క్లాసులో పెడితే కనీసం మూడు ఫీట్‌లు. 8, 4గా చీల్చినా మూడే. 9, 3గా చీలిస్తే రెండే, ఒక ఫీట్ పోయింది. 10, 2 అన్నా, 11, 1 అన్నా రెండే. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫీట్ అంటే ఒక ఎబిలిటీ స్కోరుకు +2, లేదా గ్రేట్ వెపన్ మాస్టర్ లాంటి ప్రత్యేక విద్య. దాన్ని వదులుకుంటున్నామని తెలిసి వదులుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు. లెవెల్ పెంచే తెర ఆ ఒక్క లెవెల్‌కు వచ్చేవే చూపిస్తుంది. ఇంకో లెవెల్ ఆగితే ఫీట్ వస్తుందని ఎక్కడా చెప్పదు. ఈ భాగంలో ఆటకున్న అతిపెద్ద లోపం ఇదే.

రెండో పెద్ద లోపం ఎక్స్‌ట్రా ఎటాక్ సంగతి. బార్బేరియన్, ఫైటర్, మాంక్, పాలడిన్, రేంజర్ క్లాసుల్లో ఐదో లెవెల్‌కు ఒకే యాక్షన్‌తో రెండు దెబ్బలు వేసే వీలు వస్తుంది. స్వోర్డ్స్, వేలర్ కాలేజీల బార్డ్‌కు ఆరో లెవెల్‌లో వస్తుంది. ఫైటర్ 5, రేంజర్ 5 కలిపితే మూడు దెబ్బలు వస్తాయని అనుకుంటే పొరపాటు, రెండే వస్తాయి. రెండోది తీసుకునే ముందు ఆట ఒక్క హెచ్చరికైనా ఇవ్వదు. దీనికి మినహాయింపు ఒక్కటే, వార్లాక్ పాక్ట్ ఆఫ్ ద బ్లేడ్. ఐదో వార్లాక్ లెవెల్‌లో వచ్చే అదనపు దెబ్బ మామూలు ఎక్స్‌ట్రా ఎటాక్ మీద కూడా కలుస్తుంది, అప్పుడు మూడు దెబ్బలు. అన్నిటికంటే కఠినమైన ఆనర్ మోడ్‌లో ఈ మినహాయింపు తీసేశారు. టాక్టీషియన్ కష్టస్థాయిలో పనికొచ్చిన పాలడిన్ 5, వార్లాక్ 5 బిల్డ్‌ను (పాత్ర కూర్పును) యథాతథంగా ఆనర్ మోడ్‌కు తీసుకెళ్తే మూడో దెబ్బ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే.

స్పెల్ స్లాట్‌ల (మంత్రం వేసినప్పుడు ఖర్చయ్యే అవకాశాల) విషయంలో మాత్రం లేరియన్ ఉదారంగా ఉంది. బార్డ్, క్లెరిక్, డ్రూయిడ్, సోర్సరర్, విజార్డ్ లెవెళ్లు పూర్తిగా కలుస్తాయి, పాలడిన్, రేంజర్ లెవెళ్లు సగం, ఎల్డ్రిచ్ నైట్ (ఫైటర్), ఆర్కేన్ ట్రిక్‌స్టర్ (రోగ్) సబ్‌క్లాసుల లెవెళ్లు మూడో వంతు. పాలడిన్ 6, సోర్సరర్ 6 తీసుకుందాం. మూడు, ఆరు కలిపి తొమ్మిదో లెవెల్ మంత్రగాడి స్లాట్‌లు వస్తాయి, అంటే మొత్తం 14, వాటిలో మూడు నాలుగో స్థాయివి, ఒకటి ఐదో స్థాయిది. అదే 12 లెవెళ్ల పాలడిన్‌కు ఉండేవి 10 స్లాట్‌లు, మూడో స్థాయి దాటవు. పాలడిన్ ఆయుధపు దెబ్బకు బలం చేర్చే డివైన్ స్మైట్‌కు మొదటి స్థాయి స్లాట్ పెడితే 2డి8 (ఎనిమిది ముఖాల పాచికలు రెండు), నాలుగో స్థాయిది పెడితే 5డి8. ఒక ఫీట్ పోతుంది, కానీ రోజంతా స్మైట్ చేసేంత సరుకు చేతిలో ఉంటుంది. అందుకే ఈ జోడీని అంతమంది వాడతారు. పైగా ఆరో పాలడిన్ లెవెల్‌లో వచ్చే ఆరా ఆఫ్ ప్రొటెక్షన్ పక్కనున్నవాళ్ల సేవింగ్ త్రోలకు (మంత్రాల్లాంటివి తప్పించుకోవడానికి వేసే పాచికలకు) కూడా మన కరిజ్మా మాడిఫయర్ కలుపుతుంది. దాని కోసమైనా పాలడిన్‌ను ఆరుకు తక్కువలో ఆపొద్దు.

వార్లాక్ స్లాట్‌లు ఈ లెక్కలో కలవవు, విడిగా ఉంటాయి. తక్కువే ఉంటాయి గానీ షార్ట్ రెస్ట్‌కే (చిన్న విరామానికే) తిరిగొస్తాయి. ఐదో వార్లాక్ లెవెల్‌లో మూడో స్థాయి స్లాట్‌లు రెండు. రోజుకు రెండు షార్ట్ రెస్ట్‌లు కాబట్టి అలాంటివి ఆరు వాడుకోవచ్చు. జట్టులో బార్డ్ ఉంటే సాంగ్ ఆఫ్ రెస్ట్‌తో ఇంకో రెండు.

మొదట ఏ క్లాసు తీసుకోవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా బిల్డ్‌ల తలరాత అక్కడే తేలిపోతుంది. సేవింగ్ త్రో ప్రొఫిషియెన్సీలు మొదటి క్లాసు నుంచే వస్తాయి, తర్వాత చేర్చినవి ఇవ్వవు. భారీ కవచం కూడా అంతే. ఫైటర్‌గా, పాలడిన్‌గా మొదలుపెడితేనే అది దొరుకుతుంది. తర్వాత చేరిస్తే మధ్యస్థ కవచం, డాలు వరకే. క్లెరిక్‌లో లైఫ్, టెంపెస్ట్, వార్, నేచర్ డొమైన్‌లకు భారీ కవచం సబ్‌క్లాస్ నుంచి వస్తుంది కాబట్టి ఎప్పుడు చేర్చినా ఇబ్బంది లేదు. పాలడిన్, సోర్సరర్ జోడీలో ఇదే చిక్కు. సోర్సరర్‌గా మొదలుపెడితే కాన్‌స్టిట్యూషన్ సేవ్ వస్తుంది, దెబ్బ తగిలినా కాన్సంట్రేషన్ (కొన్ని మంత్రాలు కొనసాగడానికి కావాల్సిన ఏకాగ్రత) నిలబడుతుంది. పాలడిన్‌గా మొదలుపెడితే భారీ కవచం వస్తుంది. ముందు వరుసలో నిలబడి స్మైట్ చేసే పాత్రకు పాలడిన్‌గా మొదలుపెట్టడమే మేలు. వెనక నుంచి హేస్ట్ (వేగం పెంచే మంత్రం) పట్టుకుని నిలబెట్టే పాత్ర అయితే సోర్సరర్‌గా.

దీని వెనకే ఇంకో ఉచ్చు ఉంది. స్క్రోల్ చదివి మంత్రం వేసినప్పుడు ఏ ఎబిలిటీ లెక్కలోకి వస్తుందో నిర్ణయించేది అన్నిటికంటే చివర చేరిన క్లాసు. విజార్డ్‌గా మొదలుపెట్టి, మధ్యలో క్లెరిక్ చేర్చి, తర్వాత మిగతా లెవెళ్లన్నీ విజార్డ్‌లోనే పెట్టినా, చివర చేరింది క్లెరిక్ కాబట్టి స్క్రోల్‌లు విజ్‌డమ్ మీద నడుస్తాయి. ఇంటెలిజెన్స్ 20 ఉండి విజ్‌డమ్ 10 ఉన్నవాళ్లు వేసే స్క్రోల్‌ను శత్రువులు తేలిగ్గా తప్పించుకుంటున్నారంటే కారణం ఇదే. క్లెరిక్‌తో మొదలుపెట్టి విజార్డ్ చేరిస్తే ఈ బెడద ఉండదు.

ఆ క్రమంలోనే కట్టాల్సిన బిల్డ్ ఒకటుంది, దాన్ని కాస్త దగ్గర నుంచి చూద్దాం: టెంపెస్ట్ క్లెరిక్ 2, విజార్డ్ 10. రెండో క్లెరిక్ లెవెల్‌లో డిస్ట్రక్టివ్ రాత్ వస్తుంది. ఒక ఛానెల్ డివినిటీ (క్లెరిక్ దైవశక్తి) ఖర్చుపెడితే మెరుపు, ఉరుము దెబ్బలకు పాచికలు వేయకుండా గరిష్ఠ విలువే పడుతుంది. తడిసిన శత్రువుకు మెరుపు దెబ్బ రెట్టింపు. కాబట్టి ముందు జట్టులో ఇంకొకరు క్రియేట్ వాటర్ వేయాలి, లేదా నీళ్ల సీసా విసరాలి. ఆ తర్వాత మన మంత్రగాడు లైట్నింగ్ బోల్ట్ వేస్తాడు. 8డి6కు మామూలుగా సగటున 28 పడుతుంది. ఇక్కడ గరిష్ఠం 48, తడి వల్ల 96. శత్రువు సేవింగ్ త్రో నెగ్గినా 48 తప్పదు. 12వ లెవెల్‌లో ఆరో స్థాయి స్లాట్ ఒకటి ఉంటుంది. దాంతో చెయిన్ లైట్నింగ్ వేస్తే 10డి8 గరిష్ఠం 80, తడిలో 160, ఒకరికి కాదు, పక్కనున్న మరో ముగ్గురికి కూడా.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. విజార్డ్ లెవెల్ పదే కదా, ఆరో స్థాయి మంత్రం ఎక్కడిది? విజార్డ్ మామూలుగా లెవెల్ పెరిగేటప్పుడు నేర్చుకునేవి ఐదో స్థాయి దాకానే. కానీ ఆ స్థాయి స్లాట్ ఉంటే చాలు, స్క్రోల్ చూసి పుస్తకంలో రాసుకోవచ్చు. స్లాట్ ఏ క్లాసు వల్ల వచ్చిందో ఈ ఆట చూడదు. రాసుకోవడానికి ఒక్కో స్థాయికి 50 నాణేలు, అంటే చెయిన్ లైట్నింగ్‌కు 300. సోర్సరర్ 10తో ఇదే చేయాలనుకుంటే కుదరదు, వాళ్లు స్క్రోల్ నుంచి నేర్చుకోలేరు, ఉన్న స్క్రోల్‌ను ఒకసారి వాడి పారేయడమే.

ఈ బిల్డ్ చెడేది మూడు చోట్ల. మొదటిది, రియాక్షన్ల (సందర్భం వచ్చినప్పుడు పనిచేసే ప్రతిచర్యల) జాబితాలో డిస్ట్రక్టివ్ రాత్‌ను అడిగి వాడేలా పెట్టుకోకపోతే చిన్న మంత్రానికే అది ఖర్చయిపోతుంది. రెండో లెవెల్ క్లెరిక్‌కు ఛానెల్ డివినిటీ షార్ట్ రెస్ట్‌కు ఒక్కటే. రెండోది, నేల మీద నిలిచిన నీటికి కరెంటు పడుతుంది, అందులో నిలబడ్డ మనవాళ్లకూ షాక్ తగులుతుంది. నీళ్లు పోసేటప్పుడు బార్బేరియన్ ఎక్కడున్నాడో చూసుకోవాలి. మూడోది, తడిసినవాళ్లకు నిప్పు దెబ్బ సగమే. అదే వంతులో జట్టులో ఇంకొకరు ఫైర్‌బాల్ వేస్తే శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు.

చేత్తో కొట్టే పాత్ర కావాలంటే ఓపెన్ హ్యాండ్ మాంక్ 8, థీఫ్ రోగ్ 4 కంటే నమ్మకమైనది ఈ ఆటలో మరొకటి లేదు. థీఫ్ మూడో లెవెల్‌లో ఇంకో బోనస్ యాక్షన్ వస్తుంది, ఇది లేరియన్ సొంతంగా చేసిన మార్పు. ఫ్లర్రీ ఆఫ్ బ్లోస్ ఒక బోనస్ యాక్షన్, ఒక కీ పాయింట్‌తో (మాంక్ ఖర్చుపెట్టే శక్తి) రెండు గుద్దులు. బోనస్ యాక్షన్‌లు రెండు కాబట్టి నాలుగు, మామూలు యాక్షన్‌తో రెండు, మొత్తం ఆరు. నాలుగో లెవెల్ ఫీట్‌గా ట్యావర్న్ బ్రాలర్ తప్పనిసరి. గుద్దు గురికీ దెబ్బకూ స్ట్రెంగ్త్ మాడిఫయర్‌ను రెండుసార్లు కలుపుతుంది. ఆంటీ ఎథెల్ అనే అమ్మకందారు దగ్గర హిల్ జయంట్ ఎలిక్సిర్ కొని తాగితే లాంగ్ రెస్ట్ (శిబిరంలో రాత్రి నిద్ర) దాకా స్ట్రెంగ్త్ 21, అంటే ప్రతి గుద్దుకూ +10. స్ట్రెంగ్త్‌లో సొంత పాయింట్లు పెట్టక్కర్లేదు, వాటిని డెక్స్‌టెరిటీ, విజ్‌డమ్‌లకు మళ్లించొచ్చు. ఆమెతో తగాదా పెట్టుకునేలోపు ఎలిక్సిర్‌లు నిల్వ చేసుకోవాలి. ఒకేసారి ఒక్క ఎలిక్సిరే పనిచేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి, రెండోది తాగితే మొదటిది పోతుంది. 9, 3గా చీలిస్తే గుద్దు పాచిక పెద్దదవుతుంది, ఒక ఫీట్ పోతుంది. ఫీటే మేలు.

అస్టేరియన్‌కు బాగా నప్పేది గ్లూమ్ స్టాకర్ రేంజర్ 5, అసాసిన్ రోగ్ 3, ఫైటర్ 4. ఈ ఆటలో ఇనిషియేటివ్‌కు (ఎవరి వంతు ముందో తేల్చడానికి) ఇరవై ముఖాల పాచిక కాదు, నాలుగు ముఖాలదే. అందుకే గ్లూమ్ స్టాకర్ ఇచ్చే +3 దాదాపు ప్రతిసారీ ముందు వంతు తెచ్చిపెడుతుంది. దాక్కుని మొదటి బాణం వేస్తే, యుద్ధం మొదలవగానే అసాసిన్ యాక్షన్‌ను తిరిగిస్తాడు. రెండో ఫైటర్ లెవెల్‌లోని యాక్షన్ సర్జ్ ఇంకొకటి ఇస్తుంది. మొదటి రౌండ్‌లో దీన్ని మించింది లేదు. రెండో రౌండ్ నుంచి మాత్రం ఇది మామూలు విలుకాడే. సంభాషణతో మొదలయ్యే పెద్ద పోరాటాల్లో ఆ మొదటి మెరుపు కూడా సరిగ్గా దక్కదు. ఒకరు మాట్లాడటానికి వెళ్లేలోపే దాక్కున్న విలుకాడితో బాణం వేయిస్తే తప్ప.

ఒక లెవెల్ విజార్డ్ తీసుకోవడం గురించి చాలా ప్రచారం ఉంది. స్క్రోల్‌ల నుంచి పెద్ద మంత్రాలు నేర్చుకోవచ్చన్నది నిజమే, కానీ సిద్ధం చేసుకోగలిగే మంత్రాల సంఖ్య విజార్డ్ లెవెల్, ఇంటెలిజెన్స్ మాడిఫయర్ కలిపితే వచ్చేది. మొదటి అంకంలో లంప్ అనే ఓగర్ దగ్గర దొరికే తలపట్టీ ఇంటెలిజెన్స్‌ను 17 చేస్తుంది. దాంతో వచ్చేవి నాలుగే. వాటిని షీల్డ్, హేస్ట్ లాంటి ఇంటెలిజెన్స్‌తో పనిలేని మంత్రాలకే వాడాలి. శత్రువు సేవింగ్ త్రో చేసే మంత్రాలు పెట్టుకుంటే అన్నీ వృథా.

కలపకుండా ఉంచాల్సినవీ ఉన్నాయి. ఫైటర్ పదకొండో లెవెల్‌లో ఒక యాక్షన్‌కు మూడు దెబ్బలొస్తాయి, మొత్తం నాలుగు ఫీట్‌లు. ఫైటర్‌గా వచ్చే తోటి పాత్ర లేజెల్‌ను రెండు లెవెళ్లు పక్కకు తీసుకెళ్తే ఆ మూడో దెబ్బ పోతుంది. బార్బేరియన్‌తో మంత్రగాళ్లను కలపడమైతే రెంటికీ చెడ్డ రేవడి పని. రేజ్‌లో (బార్బేరియన్ ఆవేశంలో) ఉండగా మంత్రాలు వేయడం కుదరదు, కాన్సంట్రేషన్ నిలవదు. మాంక్‌కూ బార్బేరియన్‌కూ కవచం లేని రక్షణ రెండు చోట్లా ఉన్నా అవి కలవవు. పాలడిన్ ఒక్క లెవెల్ తీసుకున్నా ప్రమాణం మీద నిఘా మొదలవుతుంది. ప్రమాణం తప్పితే తిరిగి నిలబెట్టుకోవడానికి 1000 నాణేలు అడుగుతారు.

ఎప్పుడు చేర్చాలి అన్నదానికి ఒక్క జవాబే ఉంది: మొదటి క్లాసు ఐదుకు చేరాక. ఐదో లెవెల్ దగ్గర శత్రువుల బలం ఒక్కసారిగా పెరుగుతుంది, మనకు రెండో దెబ్బ గానీ ఫైర్‌బాల్ గానీ ఉండాల్సిందే. పాలడిన్ 2 దగ్గరే సోర్సరర్‌లోకి దూకితే ఆ సమయానికి రెండూ ఉండవు. చివరి రూపం ఎలా ఉండాలనుకున్నా, 5, 6 దాకా ఒకే క్లాసులో నడిపి, 8 దాటాక విథర్స్ దగ్గర కొత్తగా కట్టుకోవడం తేలిక. పాత చిట్కాల్లో బ్లేడ్ వార్లాక్ కోసం మూడు లెవెళ్లు పెట్టమని ఉంటుంది. ఎనిమిదో ప్యాచ్‌లో వచ్చిన హెక్స్‌బ్లేడ్ ఆయుధానికి కరిజ్మాను మొదటి లెవెల్‌లోనే ఇస్తుంది కాబట్టి ఆ రెండు లెవెళ్లు ఇప్పుడు పాలడిన్‌కు మిగులుతాయి. ఆనర్ మోడ్‌లో ఒకే సేవ్ ఉన్నా విథర్స్ ధర 100 నాణేలే.